లైటు వెలిగినంత మాత్రాన ప్లగ్గు వేడెక్కినట్టు కాదు

జగిత్యాల జిల్లాలోని ఒక ఊరి నుంచి ఒక పాఠకురాలు రాశారు. భర్త దుబాయిలో పనిచేస్తున్నారు. ఇంట్లో 2004 మోడల్ టయోటా క్వాలిస్ ఉంది, ఇప్పటికి 2 లక్షల 80 వేల కిలోమీటర్లు తిరిగింది. అత్తమ్మకు వారానికి రెండుసార్లు కరీంనగర్‌లో డయాలసిస్. తెల్లవారుజామున 5 గంటలకల్లా బయల్దేరాలి, మరిది నడుపుతాడు. దీపావళి దాటి చలి ముదిరినప్పటి నుంచి పొద్దున మొదటిసారి బండి అందుకోవడం లేదు. ఆరేడు సెల్ఫులు కొట్టాల్సి వస్తోంది. వెనక తెల్లటి పొగ, కళ్లు మండే వాసన. అందుకున్నాక ఒక నిమిషం పాటు ఇంజిన్ ఊగుతుంది, ఆ తర్వాత అంతా మామూలే. ఆసుపత్రి దగ్గర నాలుగు గంటలు ఆగి ఉన్నా ఒక్క సెల్ఫుకే స్టార్ట్ అవుతుంది. ఎండాకాలంలో ఈ బాధ అసలు లేదు. మైలేజీ తగ్గలేదు, సర్వీసుకూ సర్వీసుకూ మధ్య ఇంజిన్ ఆయిల్ కూడా తగ్గడం లేదు.

ఒక మెకానిక్ బ్యాటరీ మార్పించాడు, ఫలితం లేదు. రెండో ఆయన డీజిల్ పంపు విప్పాలి, 25 వేలు అన్నాడు. మూడో ఆయన కంప్రెషన్ (సిలిండర్లో పిస్టన్ గాలిని నొక్కే బలం) పోయింది, ఇంజిన్ పని 80 వేలు అన్నాడు. భర్త ఫోన్లో "హీటర్ లైటు వెలిగి ఆరుతోంది కదా, ప్లగ్గులు మంచిగనే ఉన్నయి, పంపు చేయించు" అంటున్నారు. మరిది ఎయిర్ ఫిల్టర్ దగ్గర పెట్రోల్ గుడ్డ పెట్టి స్టార్ట్ చేస్తూ, బండి అమ్మేద్దామంటున్నాడు. "నాకు బండి సంగతి తెల్వదు. డబ్బులు పంపేది ఒకరు, నడిపేది ఒకరు, తిట్లు తినేది నేను. ఎవరి మాట వినాలె?" అని అడిగారు.

అమ్మా, బండి సంగతి తెలియదని రాశారు కానీ, మెకానిక్‌కు కావలసిన ఆనవాళ్లన్నీ మీ ఉత్తరంలోనే ఉన్నాయి. తెల్లపొగ, పొద్దున మాత్రమే ఇబ్బంది, వేడి మీద ఒక్క సెల్ఫు, తగ్గని మైలేజీ, తగ్గని ఆయిల్. ఈ ఐదూ కలిపి చూస్తే 80 వేల పని మీద నాకు గట్టి అనుమానం, 25 వేల పని మీద అంతకంటే గట్టి అనుమానం. అలాగని ఇక్కడ కూర్చుని ఫలానా పార్టే పోయిందని తేల్చను. ఏ పరీక్ష ముందు చేయించాలో, దాని ఫలితాన్ని బట్టి దారి ఎటు తిరుగుతుందో చెబుతాను.

మీవారి మాటతో మొదలుపెడదాం, ఎందుకంటే మిమ్మల్ని తప్పుదోవ పట్టించింది అదే. డాష్‌బోర్డు మీద స్ప్రింగు చుట్టలాగా వెలిగే ఆ లైటుకు, చలిలో అందుకోవడానికి ఇంజిన్‌ను లోపల వేడిచేసే నాలుగు హీటర్ ప్లగ్గులకు నేరుగా సంబంధం లేదు. ఆ లైటును టైమర్ వెలిగిస్తుంది, కొన్ని సెకన్ల తర్వాత టైమరే ఆర్పుతుంది. నాలుగు ప్లగ్గులూ కాలిపోయి ఉన్నా అది అంతే ముద్దుగా వెలిగి ఆరుతుంది. ప్లగ్గులకు కరెంటు ఇచ్చేది వేరే రిలే, అంటే ఒక రకం స్విచ్చు. రిలే పోయినా, దాని ఫ్యూజు లింకు పోయినా లైటుకు తెలియదు.

క్వాలిస్‌లో ఈ ప్లగ్గులకు ఇంత ప్రాధాన్యం ఎందుకో కూడా చెప్పాలి. మీ వాకిట్లో ట్రాక్టర్ ఉంటే మరిది అడగవచ్చు, "దానికి హీటరే లేదు కదా, అది ఎట్ల అందుకుంటుంది?" అని. చాలా ట్రాక్టర్లలో డీజిల్ నేరుగా పిస్టన్ మీదే పడుతుంది. క్వాలిస్ ఇంజిన్‌ది పాత పద్ధతి. డీజిల్ ముందు ఇంజిన్ పైభాగమైన హెడ్‌లో ఉన్న చిన్న గదిలో పడి, అక్కడ అంటుకుని, తర్వాత సిలిండర్లోకి వస్తుంది. పిస్టన్ గాలిని ఇరవై రెట్లకు పైగా నొక్కితే ఆ గాలి వేడెక్కే మాట నిజమే. కానీ రాత్రంతా చల్లబడిన ఆ చిన్న గది గోడలు ఆ వేడిని లాగేసుకుంటాయి. పది డిగ్రీల చలిలో ప్లగ్గు సాయం లేకపోతే డీజిల్ అంటుకోక, సన్నటి తుంపరగానే సైలెన్సర్ నుంచి బయటికొస్తుంది. మీ కళ్లు మండిస్తున్న తెల్లపొగ అదే, కాలని డీజిల్. నాలుగైదు సెల్ఫులు కొట్టేసరికి ఆ గదులు కాస్త వేడెక్కుతాయి. మొదట ఏవో రెండు సిలిండర్లు అంటుకుంటాయి, నిమిషానికి మిగతావీ అందుకుంటాయి. ఇంజిన్ నిమిషం పాటు ఊగేది అందుకే. నాలుగు గంటలు ఆగిన బండిలో వేడి ఇంకా మిగిలి ఉంటుంది, ప్లగ్గుల అవసరం అంతగా రాదు.

మీ ఉత్తరంలో ఒక్క సంగతి మాత్రం లేదు. పొగ మొదటి సెల్ఫు నుంచే వస్తోందా, నాలుగో ఐదో సెల్ఫు దాకా ఏ పొగా లేకుండా తర్వాత వస్తోందా? రేపు పొద్దున మరిది సెల్ఫు కొడుతున్నప్పుడు మీరు వెనక నిలబడి చూడండి. మిగతా పరీక్షలన్నీ దీని మీదే ఆధారపడతాయి.

మొదటి సెల్ఫుకే తెల్లపొగ వస్తే డీజిల్ ఇంజిన్ దాకా చేరుతోంది, అంటుకోవడం లేదు. అప్పుడు చూడాల్సింది ప్లగ్గులు. మల్టీమీటర్ ఉన్న ఏ ఆటో ఎలక్ట్రీషియన్ అయినా పావుగంటలో చూడగలడు. పంపు మెకానిక్ దగ్గరికి కాకుండా ముందు ఎలక్ట్రీషియన్ దగ్గరికి పంపండి. ఇంజిన్ చల్లగా ఉండగానే చేయాలి, కాబట్టి రాత్రి బండి అక్కడే వదిలితే మంచిది. కీ తిప్పి సెల్ఫు కొట్టకుండా ఆపినప్పుడు, నాలుగు ప్లగ్గులను కలిపే లోహపు పట్టీ మీద వోల్టేజీ ఎంత వస్తోందో మొదట చూడాలి. సున్నా వస్తే ప్లగ్గుల జోలికి పోకుండా రిలే, ఫ్యూజు లింకు, వైరింగు చూసుకోవాలి. కరెంటు ఒక్క సెకను వచ్చి పోతోందంటే, కూలెంట్ వేడిని టైమరుకు చెప్పే సెన్సారు 'ఇంజిన్ వేడిగానే ఉంది' అని తప్పు చెబుతుండవచ్చు. దాని కనెక్టరు పీకి చూడమనండి. సెన్సారు తెగితే టైమరు దాన్ని చలిగానే లెక్కేసి ఎక్కువసేపు కరెంటు ఇస్తుంది. అలా బండి తేలిగ్గా అందుకుంటే దోషం సెన్సారుది.

పట్టీకి కరెంటు సరిగ్గానే వస్తుంటే, పట్టీ విప్పి ఒక్కో ప్లగ్గుకూ ఇంజిన్ బాడీకీ మధ్య ఓమ్‌లు కొలవాలి. మంచి ప్లగ్గు చల్లగా ఉన్నప్పుడు ఒక ఓమ్‌కు అటూ ఇటూగా చూపిస్తుంది. మీటరు ఏమీ చూపించకపోతే లోపల తీగ తెగినట్టే. చౌక మీటర్ల వైర్లకే అర ఓమ్ దాకా ఉంటుంది, కాబట్టి ముందు రెండు వైర్ల కొసలు కలిపి ఎంత వస్తుందో చూసి దాన్ని తీసేయాలి. రెండు ప్లగ్గులు పోయినా, ఒక్కటి మాత్రమే పోయినా నాలుగూ మార్పించడమే మేలు. ఒకేసారి బిగించినవి దాదాపు ఒకే వయసులో పోతాయి, మళ్లీ రెండు నెలలకు ఇదే పని పెట్టుకోవడం దేనికి?

ఇక్కడ రెండు ప్రమాదాలున్నాయి, ఎలక్ట్రీషియన్‌కు ముందే చెప్పండి. టయోటా ఈ ఇంజిన్ల కుటుంబంలో వేర్వేరు వోల్టేజీల ప్లగ్గులు వాడింది. పాత ప్లగ్గు మీద ఉన్న నంబరు, వోల్టేజీ చూసి అదే రకం తేవాలి. తక్కువ వోల్టేజీ ప్లగ్గుకు బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు పట్టి "ఎర్రగైతుందా లేదా" అని చూస్తే మంచి ప్లగ్గు కూడా అక్కడే కాలిపోతుంది. ఎక్కువ వోల్టేజీది తక్కువ వోల్టేజీ వైరింగులో పెడితే వేడే ఎక్కదు, కొత్త ప్లగ్గులేసినా పాత కథే. రెండోది విప్పడం. ఏళ్ల తరబడి కదలని ప్లగ్గు మసితో పట్టేసి ఉంటుంది. ఇంజిన్ వేడి మీద, ముందురోజు తుప్పు వదిలే ఆయిల్ వేసి, కొంచెం విప్పుతూ కొంచెం బిగిస్తూ నెమ్మదిగా తీయాలి. కొస ఉబ్బిన ప్లగ్గు బలవంతంగా లాగితే విరిగి లోపలే ఉండిపోతుంది, అప్పుడు హెడ్ దించాల్సిందే. చిన్న పనిని పెద్ద పని చేసేది ఈ తొందరే.

పొగ మొదటి మూడు నాలుగు సెల్ఫులకు అసలు రాకుండా తర్వాత వస్తే కథ వేరు. రాత్రి డీజిల్ పైపుల్లో నుంచి వెనక్కి ట్యాంకులోకి జారిపోతోంది, పొద్దున సెల్ఫులతో మళ్లీ దాన్ని పైకి లాగుతున్నారు. అంటే ఎక్కడో గాలి పీలుస్తోంది. పగిలిన రబ్బరు పైపు, ఫిల్టరు సీలు, ఫిల్టరు మీద ఉండే హ్యాండ్ పంప్, ఇంజిన్లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ల నుంచి తిరిగొచ్చే సన్న పైపులు, వీటిలో ఏదో ఒకటి. దీనికి ఖర్చులేని పరీక్ష ఉంది. పొద్దున కీ ముట్టుకోకముందే హ్యాండ్ పంప్ నొక్కండి. రెండు మూడు సార్లకే గట్టిపడితే డీజిల్ నిండుగా ఉంది. పది పదిహేను సార్లు మెత్తగానే పోయి తర్వాత గట్టిపడి, బండి వెంటనే అందుకుంటే గాలి సంగతి తేలినట్టే. ఇంకోటి, ఒక రాత్రి వాకిలి వాలులో బండి ముందు భాగం కిందికి ఉండేలా ఆపండి. ఆ పొద్దున సమస్య తగ్గితే అనుమానం ఇంకా బలపడుతుంది. ఫిల్టరుకూ పంపుకూ మధ్య కొద్దిసేపు పారదర్శకమైన పైపు పెడితే బుడగలు కంటికి కనబడతాయి. ఎలాగూ ఫిల్టరు దగ్గరికి వెళ్లారు కాబట్టి కింద నట్టు వదిలి నీళ్లు కూడా తీసేయించండి.

ఇప్పుడు పంపు సంగతి. మీ బండిలాంటి రోటరీ పంపు లోపల అరిగితే సాధారణంగా ఇబ్బంది పెట్టేది వేడి మీద. వేడెక్కిన డీజిల్ పలచబడి అరిగిన సందుల్లోంచి కారిపోతుంది, అందుకే అలాంటి బండి పొద్దున బాగానే అందుకుని, మధ్యాహ్నం ఆపి మళ్లీ కొడితే మొండికేస్తుంది. మీది సరిగ్గా దీనికి తలకిందులు. 25 వేలు ఖర్చు పెట్టాక కూడా పొద్దున తెల్లపొగ అలాగే ఉండే అవకాశం ఎక్కువ. ఒక మినహాయింపు ఉంది. ఈ సమస్య టైమింగ్ బెల్ట్ (ఇంజిన్ తిరుగుడుకు పంపునూ వాల్వులనూ జతకలిపే బెల్టు) మార్చిన తర్వాతే మొదలైందా? అయితే పంపు టైమింగ్, అంటే డీజిల్ చిమ్మే సమయం, కొంచెం ఆలస్యమై ఉండొచ్చు, అది చలిలో తెల్లపొగే తెస్తుంది. దానికి పంపు విప్పనక్కర్లేదు, డయల్ గేజ్‌తో టైమింగ్ చూసి సరిచేస్తే చాలు. విప్పకుండానే కొలవగల పనికి విప్పుడు ఖర్చు కట్టించుకోనివ్వకండి.

ప్లగ్గులు బాగుండి, గాలి లేక, టైమింగ్ సరిగ్గా ఉండి కూడా ఊగుడు తగ్గకపోతే నాజిళ్లు చూడాలి. పంపు షాపులో టెస్టు బెంచి మీద ఒక్కోటి పెడితే డీజిల్ పొగమంచులా చిమ్మాలి. చుక్కలుగా కారితే ఆ సిలిండరులో పొద్దున మంట అందదు. అనుభవమున్న మెకానిక్ ఐడిల్‌లో ఒక్కో నాజిల్ పైపు నట్టు కొద్దిగా వదిలి, ఏది వదిలినప్పుడు ఇంజిన్ శబ్దం మారలేదో చూసి దోషి ఎవరో కనిపెడతాడు. మరిదిని మాత్రం ఈ పని చేయనివ్వకండి. ఆ ఒత్తిడిలో చిమ్మే డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది.

కంప్రెషన్ విషయం. 2 లక్షల 80 వేలు తిరిగిన ఇంజిన్ కొత్తదిలా ఉండదు. కానీ కంప్రెషన్ పోయిన ఇంజిన్ ఆయిల్ తాగుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఆయాసపడుతుంది, ఆయిల్ మూత తీస్తే గుప్పుగుప్పుమని పొగ వదులుతుంది, నాలుగు గంటల తర్వాత కూడా ఒక్క సెల్ఫుకు అందుకోదు. మీరు రాసిన వాటిలో ఇవేవీ లేవు. మూడో ఆయన గేజి పెట్టి చూసి చెప్పాడా, శబ్దం విని చెప్పాడా? గేజి పెట్టాలంటే హీటర్ ప్లగ్గులు తీసి ఆ రంధ్రాల్లోనే పెట్టాలి. ఎలాగూ ప్లగ్గులు మార్చేటప్పుడు తీస్తారు కాబట్టి అదే పూట, ఇంజిన్ వేడిగా ఉండగా, నాలుగు సిలిండర్ల కంప్రెషన్ చూసి కాగితం మీద రాసివ్వమనండి. నాలుగూ గేజి మీద చదరపు సెంటీమీటరుకు 25 నుంచి 30 కిలోల మధ్య ఉండి, ఒకదానికొకటి 5 కిలోల తేడా లోపు ఉంటే ఆ 80 వేల మాట ఇంకెవ్వరూ ఎత్తకూడదు. ఒకటి రెండు 20 కిందికి వస్తే ఆయన మాట నిజమే. అప్పుడు కూడా పిస్టన్ రింగుల కంటే ముందు ట్యాపెట్ల గ్యాపు (వాల్వుల దగ్గర వదిలే సందు) చూడాలి, వాల్వులు పూర్తిగా మూసుకోకపోయినా కంప్రెషన్ పడిపోతుంది.

బ్యాటరీ కొత్తది కాబట్టి దాని తప్పేం లేదనుకోవద్దు. అది సెల్ఫు దాకా కరెంటు చేరుస్తోందా అనేది వేరే ప్రశ్న. రాత్రి ఆపిన బండికి పొద్దున 12.6 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి, 12.2 అంటే సగమే చార్జి. సెల్ఫు కొడుతున్నప్పుడు 9.6 కిందికి పడకూడదు. పడకుండా కూడా సెల్ఫు నీరసంగా తిరుగుతుంటే బ్యాటరీ నెగటివ్ బిళ్లకూ ఇంజిన్ బ్లాకుకూ మధ్య మీటరు పెట్టి సెల్ఫు కొట్టి చూడాలి. 0.3 వోల్టుల కంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ వైరు తుప్పు పట్టింది. పాత బండ్లలో కొత్త బ్యాటరీ డబ్బులు దండగయ్యేది చాలాసార్లు ఇక్కడే. 'టక్' మని శబ్దం వచ్చి మోటారు తిరగకపోతే సెల్ఫు సోలనాయిడ్ లోపలి రాగి కాంటాక్టులు అరిగి ఉంటాయి, అవి విడిగా దొరుకుతాయి, మొత్తం సెల్ఫు మార్చనక్కర్లేదు.

డీజిల్ గడ్డకడుతుందని ఎవరైనా అంటే మీ బండి విషయంలో కొట్టిపారేయండి. చలికి డీజిల్లో మైనం తేలితే బండి అందుకున్నాక కొన్ని నిమిషాలకు ఫిల్టరు మూసుకుని ఆగిపోతుంది, మీది అందుకున్నాక బాగుపడుతోంది. అయితే మన ప్రమాణాల ప్రకారం నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అమ్మే డీజిల్ వేరు, మిగతా కాలానిది వేరు. అక్టోబరులో నింపిన ట్యాంకు చలిలో వారాల తరబడి నిలవ ఉంచకుండా వాడేసి కొత్తది కొట్టించుకోండి. అందులో కిరోసిన్ కలపమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. పంపుకు లోపల నూనె పట్టేది డీజిలే, కిరోసిన్ ఆ పని చేయలేదు. ఇప్పుడు బాగున్న పంపు అలా చేస్తే నిజంగానే పోతుంది.

మరిది పెట్రోల్ గుడ్డ ఈ రోజే మానాలి. ప్లగ్గులు బాగుచేయించాక అది ఇంకా ప్రమాదం, ఎర్రగా కాలిన ప్లగ్గుకు పెట్రోల్ ఆవిరి తగిలితే పిస్టన్ పైకి రాకముందే పేలుతుంది. రింగులు విరగవచ్చు, మంట గాలి పైపులోంచి వెనక్కి కొట్టి ఆయన ముఖానికే తగలవచ్చు. అప్పుడు మూడో మెకానిక్ చెప్పిన 80 వేల పని నిజమవుతుంది. తోసి స్టార్ట్ చేయడం కూడా వద్దు. ఈ ఇంజిన్‌కు టైమింగ్ బెల్ట్ ఉంది, తోసినప్పటి కుదుపుకు పాత బెల్టు జారవచ్చు. దాని గడువు లక్ష కిలోమీటర్లు. ఎప్పుడు మార్చారో మీకు తెలియకపోతే అదీ రాబోయే పనుల్లో రాసుకోండి.

పని పూర్తయ్యేదాకా పొద్దున ఇలా కొట్టమనండి. లైట్లు, ఏసీ ఫ్యాను అన్నీ ఆపి, కీ తిప్పి హీటర్ లైటు ఆరాక కీ వెనక్కి తీసి మళ్లీ తిప్పాలి. ఇలా రెండు మూడు సార్లు చేశాక క్లచ్ పూర్తిగా తొక్కి, ఎక్సలేటరు సగం తొక్కి సెల్ఫు కొట్టాలి. ఒక్కో సెల్ఫు 10, 15 సెకన్లు దాటకూడదు, మధ్యలో నిమిషం ఆగాలి. కొన్ని ప్లగ్గులైనా బతికుంటే ఇది ఎంతో కొంత సాయపడుతుంది. ఇలా చేసినా ఏ మార్పూ లేకపోతే ప్లగ్గులకు కరెంటే రావడం లేదని అనుమానించవచ్చు. వేడినీళ్లు తెచ్చి పంపు మీద పోయడం మాత్రం చేయకండి, చల్లటి పంపు లోపల సందులు వెంట్రుక కంటే సన్నం, ఒక్కసారిగా వేడి తగిలితే పట్టేస్తుంది.

మీవారితో ఎలా మాట్లాడాలన్నది కూడా మీ ప్రశ్నలో ఉంది. పంపు వద్దని వాదించకండి. "లైటు టైమర్ది, ప్లగ్గులది కాదట. నాలుగు ప్లగ్గుల ఓమ్‌లు, కంప్రెషన్ అంకెలు రాయించి ఫోటో పంపుతా, చూసి చెప్పండి" అనండి. అక్కడి నుంచి ఆయన చూడగలిగేది అంకెలనే. మెకానిక్‌కు కూడా ముందే చెప్పండి, తీసిన పాత ప్లగ్గులు మీకే ఇవ్వాలని, ఓమ్‌లు ఏ ప్లగ్గుకు ఎంతో రాసివ్వాలని. ఇంట్లో ఆడవాళ్లే ఉన్నారనుకుని నోటిమాటతో అంచనా వేసేవాళ్లు కాగితం అడగగానే జాగ్రత్తపడతారు.

అమ్మే విషయం మాత్రం మరిది మీద కోపంతో పక్కన పెట్టొద్దు, అందులో కొంత న్యాయం ఉంది. బండి 20 ఏళ్లు దాటింది. రిజిస్ట్రేషను ఐదేళ్లకొకసారి ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించుకోవాలి, 20 ఏళ్లు దాటిన కార్లకు ఆ ఫీజు 2025లో కేంద్రం పెంచింది కూడా. ఇప్పుడు తెల్లపొగతో అమ్మితే కొనేవాడు కంప్రెషన్ పోయిందనే లెక్కకడతాడు, ప్లగ్గులు వేయించి పొద్దున ఒక్క సెల్ఫుకు అందుకునే బండిగా అమ్మితే ధర వేరు. ఉంచుకోవాలనుకుంటే కంప్రెషన్ అంకెలు బాగున్నాయన్న కాగితం ఉన్నప్పుడే ఉంచుకోండి, బెల్టు, రబ్బరు పైపులు ఈ ఏడాదే మార్పించండి.

ఏ దారి ఎంచుకున్నా, అత్తమ్మ డయాలసిస్ రోజుకు ఈ బండి ఒక్కదాన్నే నమ్ముకోకండి. ఊళ్లో కారో ఆటోనో ఉన్నవాళ్లతో మాట్లాడుకుని, పొద్దున 5.15 కల్లా బండి అందుకోకపోతే ఫోన్ చేస్తామని ముందురోజు సాయంత్రమే చెప్పి ఉంచండి. ప్లగ్గులు మార్చాక కనీసం ఒక చలికాలమైనా బండి నమ్మకంగా నడిచేదాకా ఈ ఏర్పాటు ఉండనివ్వండి.